లెక్కపెట్టమని అడగడం తప్పా?

2024 జూన్ 26 ఉదయం గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో టీవీ ముందు నాన్న, నేను కూర్చుని ఉన్నాం. లోక్‌సభలో స్పీకర్ ఎన్నిక జరుగుతోంది. ఓం బిర్లా పేరును ప్రధాని మోదీ ప్రతిపాదించారు, రాజ్‌నాథ్ సింగ్ బలపరిచారు. ప్రతిపక్షం తరఫున కేరళ ఎంపీ కొడికున్నిల్ సురేశ్ పోటీలో ఉన్నారు. తాత్కాలిక (ప్రొటెం) స్పీకర్ భర్తృహరి మహతాబ్ మొదటి తీర్మానాన్ని సభ ముందు పెట్టారు. ఇటువైపు నుంచి అవునని కేకలు, అటువైపు నుంచి కాదని కేకలు. తీర్మానం నెగ్గిందన్నారు. ప్రధాని, రాహుల్ గాంధీ కలిసి బిర్లాను కుర్చీ దాకా తీసుకెళ్లారు. అంతే, అయిపోయింది.

నాన్నకు ఎనభై దాటాయి. చెవి సరిగా వినపడదు. నా వైపు తిరిగి అడిగారు.

“ఎన్ని ఓట్లొచ్చాయమ్మా?”

“లెక్కపెట్టలేదు నాన్నా. మూజువాణి ఓటు.”

“పోటీ ఉంది కదా?”

“ఉంది.”

“పోటీ ఉండి లెక్క లేకపోవడం ఏంటి?”

నేను కాలేజీలో కామర్స్ చెబుతాను. లెక్క తేలకుండా పుస్తకం మూయకూడదని పిల్లలకు ఏటా చెప్పే మనిషిని. అయినా నాన్న అడిగేదాకా నాకా అనుమానమే రాలేదు. గెలిచేదెవరో ముందే తెలుసు. ఎన్డీయేకు 293 మంది ఉన్నారు. లెక్కపెట్టినా గెలిచేది బిర్లాయే. తెలిసిన ఫలితానికి లెక్కెందుకు అని నేనూ అనుకున్నాను.

ఆ సాయంత్రం వార్తలు చూశాక అలా అనుకోలేకపోయాను. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టడం, అడిగినా ఇవ్వలేదని తృణమూల్ నాయకులు అన్నారు. తాము పట్టుబట్టలేదని కాంగ్రెస్ అంది. ఒకే గదిలో, ఒకే బెంచీల మీద కూర్చున్న రెండు పార్టీలు ఓటు అడిగారా లేదా అన్నదాని మీదే రెండు మాటలు చెప్పాయి. ఇంకొకటి కూడా ఉంది. లోక్‌సభ నిబంధనల ప్రకారం స్పీకర్ ఎన్నికలో తీర్మానాలను వచ్చిన వరసలో ఒక్కొక్కటిగా ఓటుకు పెడతారు. ఒకటి నెగ్గితే తర్వాతివి సభ ముందుకే రావు. అంటే సురేశ్ పేరు మీద ఓటే జరగలేదు. ఎనిమిది సార్లు గెలిచిన ఎంపీ పోటీ చేశారు. ఆయనకు ఎంతమంది మద్దతుందో చెప్పే అంకె ఒక్కటి కూడా సభ రికార్డులో లేదు.

నాన్న ఎందుకలా అడిగారో నాకు తెలుసు. నేను ఏడో తరగతిలో ఉండగా తెనాలి వైపు మా ఊళ్లో సహకార సంఘం అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. సమావేశం ఎరువుల గోడౌన్‌లో పెట్టారు. యూరియా బస్తాల మీద కూర్చున్నారు సగం మంది. ఊరి పెద్దలు ముందే ఒక పేరు అనుకున్నారు. ఇంకొకాయన లేచి నేనూ ఉంటానన్నాడు. సభ నడిపే ఆయన పెద్దలు అనుకున్న పేరు చదివి, “అందరికీ సమ్మతమేగా?” అన్నాడు. ముందు వరసలోని వాళ్లు సమ్మతమేనని అరిచారు. వెనక ఉన్నవాళ్లు ఏమన్నారో ఎవరికీ వినపడలేదు. అప్పుడు నాన్న లేచి, “చేతులు లెక్కపెట్టండయ్యా” అన్నారు.

గోడౌన్ అంతా గొడవైపోయింది. “ఊరంతా ఒక్క మాట మీద ఉంటే నీకొచ్చిన నొప్పేంటి?” అని లేచింది ఎవరో కాదు, మా పెదనాన్నే. చేతులు లెక్కపెట్టలేదు. మినిట్స్ పుస్తకంలో ఏకగ్రీవం అని రాశారు. ఆ ఏడు సార్వాకు నాన్న పెట్టుకున్న అప్పు కాగితం అడుగుకు పోయింది. నాట్లు అయిపోయాక డబ్బొచ్చింది. ఈలోగా బయట వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడానికి మాకు రెండు పంటలు పట్టింది.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. చేతులు ఎత్తమని ఉంటే నాన్న కూడా పెద్దలు అనుకున్న మనిషికే ఎత్తేవారు. ఆయన ఎవరికీ వ్యతిరేకం కాదు. పోటీకి నిలబడ్డ రెండో ఆయనతో మాకు పెద్ద స్నేహమూ లేదు. ఎన్ని చేతులు లేచాయో తెలియాలన్నారు, అంతే. ఆ మాటే నేరమైంది.

చట్టసభల విషయంలో కూడా నేను అడిగేది ఇంతే. సభ తన అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు ఆ సభ వేసే మొదటి ఓటు. దాన్ని లెక్కపెట్టాలి. పోటీ ఉంటే తప్పకుండా లెక్కపెట్టాలి. మిగతా సంస్కరణలన్నీ ఆ తర్వాతే.

పోటీ పెడితే స్పీకర్ పదవి గౌరవం పోతుందని అంటారు. అలా అనేవాళ్లకు నేను 1967 గురించి చెబుతాను. ఆ ఏడాది మార్చిలో లోక్‌సభ స్పీకర్ పదవికి పోటీ జరిగింది. పోటీ పడిన ఇద్దరూ తెలుగువాళ్లే. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ప్రతిపక్షాలు నిలబెట్టింది తెన్నేటి విశ్వనాథం గారిని, విశాఖ ఉక్కు ఉద్యమంలో ముందు నడిచిన ఆ విశ్వనాథం గారినే. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఇద్దరూ సహచరులు. సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి, విశ్వనాథం ఆర్థిక మంత్రి. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు విలువ ఏమిటో వాళ్లిద్దరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

1967లో ఓట్లు లెక్కపెట్టారు. సంజీవరెడ్డికి 278, విశ్వనాథానికి 207. గెలిచాక సంజీవరెడ్డి చేసిన పని ఏమిటంటే, కాంగ్రెస్ పార్టీకి రాజీనామా చేశారు. ఈ కుర్చీలో కూర్చున్నాక నేను ఒక పార్టీ మనిషిని కాను అని చెప్పడానికి. 207 మంది ఎదురు ఓటు వేసినందువల్ల ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు. పదేళ్ల తర్వాత 1977లో ఆయన్ను మళ్లీ స్పీకర్‌ను చేశారు, ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు. ఆ 207 మందికీ నేనే స్పీకర్‌ను అన్న బాధ్యత ఆ అంకె వల్లే ఆయనకు ఇంకా గట్టిగా తెలిసిందని నా నమ్మకం. 1952లో మావలంకర్‌కు 394 ఓట్లొస్తే ఎదుటి పక్షానికి 55 వచ్చాయి. ఎమర్జెన్సీలో, 1976లో కూడా బలిరాం భగత్‌కు 344, జగన్నాథరావు జోషీకి 58 అని లెక్క ఉంది. ఎమర్జెన్సీలో ఉన్న లెక్క 2024లో లేదు.

ఇక్కడ మా గుంటూరు, విజయవాడ వాళ్లం నిజాయితీగా ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. ఆ మధ్యాహ్నం ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. మా వీధిలో జనం ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి పరిగెత్తి మీ టీవీలో వస్తోందా అని అడిగారు. ఎక్కడా రాలేదు. తలుపులు మూసి, లెక్కపెట్టకుండా మా రాష్ట్రాన్ని విడగొట్టారని పన్నెండేళ్ల పిల్లాడి దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అన్నారు. నేనూ అన్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కానీ అంతకు మూడు వారాల ముందు, జనవరి 30న, హైదరాబాద్‌లో మన శాసనసభ అదే బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. అది కూడా మూజువాణి ఓటే. గందరగోళంలో క్షణాల్లో అయిపోయింది. ఆ రోజు మేం చప్పట్లు కొట్టాం. కాలేజీ స్టాఫ్ రూమ్‌లో స్వీట్లు పంచారు. లెక్కపెట్టమని తెలంగాణ సభ్యులు అడిగి ఉండాల్సిందని మాలో ఒక్కరం కూడా అనుకోలేదు. మనకు నచ్చిన ఫలితం వస్తే కేకలు చాలు, నచ్చకపోతే లెక్క కావాలి. ఫిబ్రవరిలో మాకు జరిగింది అన్యాయమే. అయితే జనవరిలో అదే పద్ధతికి మేం చప్పట్లు కొట్టి ఉన్నాం కాబట్టి మా కోపంలో సగం బలం పోయింది. తెలంగాణలో ఉన్న నా స్నేహితురాలు ఈ మాట నాతో 2014లోనే అంది. నేను పదేళ్లు ఒప్పుకోలేదు.

ఏకగ్రీవం అనే మాట మీద మనకు ఎందుకో చాలా మోజు. పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వమే డబ్బిస్తుంది. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. అదే ఏడాది మున్సిపల్ ఎన్నికల్లో మాచర్లలో 31 వార్డులకు 31, పిడుగురాళ్లలో 33కు 33 ఏకగ్రీవమయ్యాయి. రెండు పట్టణాల్లో ఒక్కరూ ఓటు వెయ్యలేదు. పల్నాడులో అంతమంది ఒకే మాట మీద ఉన్నారని అక్కడ పుట్టిన వాళ్లెవరూ నమ్మరు. చిన్నప్పుడు మా ఊరి గోడౌన్‌లో చూసిందే అది, పెద్ద ఎత్తున.

రాష్ట్రంలో స్పీకర్ ఎన్నిక కూడా అంతే. 2014లో, 2019లో, 2024లో ఒక్కరే అభ్యర్థి, ఏకగ్రీవం. వెలగపూడి అసెంబ్లీలో 2024 జూన్ 22న అయ్యన్నపాత్రుడు గారు ఏకగ్రీవంగా ఎన్నికైన రోజు ప్రతిపక్షంలోని 11 మందీ సభలో లేరు. ఎదుటివాళ్లు గదిలో లేనప్పుడు వచ్చే ఏకగ్రీవం ఎవరికి బలం ఇస్తుంది? రాకపోవడం వాళ్ల తప్పు. వచ్చి, ఓడిపోతామని తెలిసి కూడా ఒక పేరు పెట్టి, ఆ 11 ఓట్లూ రికార్డులో ఎక్కించి ఉండాల్సింది. నేను వాళ్లకు ఓటు వేశానా లేదా అన్నది వేరే సంగతి. మా ఓటుతో లోపలికి వెళ్లినవాళ్లు లోపల ఉండాలి.

ఇదంతా పట్టింపు కోసం చెప్పడం లేదు. స్పీకర్ చేతిలో మా ఓటు ఉంది. ఆ సంగతి గుంటూరు పశ్చిమ ఓటర్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 2019లో మేం టీడీపీ గుర్తు మీద ఒకరిని గెలిపించాం. ఆ ఏడాది డిసెంబరు చివరికే ఆయన అధికార పక్షం వైపు వెళ్లారు. అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరిలో. మళ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చింది మార్చిలో. నాలుగేళ్లకు పైగా మా నియోజకవర్గం ఏ పార్టీది? నేను ఏ గుర్తు మీద నొక్కాను, సభలో ఏ వరసలో నా ఎమ్మెల్యే కూర్చున్నారు? దానికి సమాధానం చెప్పాల్సిన ఒకే ఒక్క మనిషి స్పీకర్. అంతకు ముందు ఐదేళ్లలో ఇదే కథ తిరగేసి జరిగింది. వైసీపీ గుర్తు మీద గెలిచిన 23 మంది టీడీపీలోకి వెళ్లారు. నలుగురు మంత్రులు కూడా అయ్యారు. వాళ్లను అనర్హుల్ని చెయ్యమన్న పిటిషన్లు సభ గడువు ముగిసేదాకా తేలలేదు. అందుకు నిరసనగా ప్రతిపక్షం 2017 చివర్లో సభకు రావడం మానేసింది. పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు.

పార్టీ ఫిరాయింపులను ఆపడానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు 1985లో వచ్చింది. ఫిరాయింపుల మీద తీర్పు చెప్పే అధికారం స్పీకర్‌కు ఇచ్చింది. స్పీకర్‌ను గెలిపించేది ఏ పార్టీయో, ఎక్కువ ఫిరాయింపులు చేరేదీ ఆ పార్టీలోకే. 1992లో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు చెల్లుతుందని 3:2 తీర్పు ఇచ్చింది. ఐదుగురిలో ఇద్దరు న్యాయమూర్తులు అప్పుడే దీన్ని ఒప్పుకోలేదు. 2020లో మణిపూర్ కేసులో కోర్టే స్వతంత్ర ట్రిబ్యునల్ గురించి ఆలోచించమని పార్లమెంటుకు చెప్పింది, మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. 2025 జూలై 31న తెలంగాణలో పార్టీ మారిన పదిమంది ఎమ్మెల్యేల కేసులో మళ్లీ మూడు నెలలే గడువు పెట్టింది, ఈ పని స్పీకర్ల దగ్గరే ఉంచాలా అని ఆలోచించుకొమ్మని పార్లమెంటుకు మళ్లీ గుర్తుచేసింది. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్నకు వస్తాను. ఓటును లెక్కపెట్టడం ఒక్కటే సరిపోతుందా? సరిపోదు. దానికి మా గుంటూరు కార్పొరేషనే సాక్ష్యం. 2021లో 57 డివిజన్లలో (వార్డుల్లో) వైసీపీ 44 గెలిచింది. 2025 ఏప్రిల్‌లో మధ్యలో మేయర్ ఎన్నిక వస్తే టీడీపీ నాయకుడు గెలిచారు. ప్రజలు మళ్లీ ఓటు వేసింది లేదు. అక్కడ చేతులెత్తించి శుభ్రంగా లెక్కపెట్టారు. ఎవరు ఎవరికి చెయ్యెత్తారో గదిలో అందరూ చూశారు. రాష్ట్రంలో ఎవరి ప్రభుత్వం ఉందో చూసి లేచే చెయ్యి, తనంతట తాను లేచే చెయ్యి లెక్కలో ఒక్కలాగే కనిపిస్తాయి. మా నాన్న కాలపు గోడౌన్‌లో కూడా చేతులు లెక్కపెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అప్పు కాగితం అడుగుకు పోయే భయంతో సగం మంది పెద్దల వైపు చూసి ఎత్తేవాళ్లు.

అందుకే నా అభిప్రాయం ఇది. చట్టాల మీద ఓటు బహిరంగంగా, పేరుపేరునా నమోదు కావాలి. నా ప్రతినిధి నా తరఫున ఏం చేశారో నాకు తెలియాలి. సభాపతి ఎన్నిక మాత్రం రహస్య బ్యాలెట్‌తో జరగాలి. ఆ ఎన్నికలో ఎమ్మెల్యే తన కోసం, తోటి సభ్యుల కోసం ఓటు వేస్తున్నాడు. నాకు మైకు ఇచ్చేదెవరు, నా ప్రశ్నను వరసలో పెట్టేదెవరు అని ఎంచుకుంటున్నాడు. అక్కడ విప్‌కు, అంటే ఇలా ఓటెయ్యమన్న పార్టీ ఆదేశానికి, పని లేదు. బ్రిటన్‌లో హౌస్ ఆఫ్ కామన్స్ 2009 నుంచి స్పీకర్‌ను రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటోంది. ఎంపీల ఖర్చుల కుంభకోణంలో అప్పటి స్పీకర్ దిగిపోవాల్సి వచ్చిన ఏడాదే ఆ పద్ధతి మొదటిసారి అమలైంది.

రహస్య బ్యాలెట్ అంటే డబ్బు సంచులు దిగుతాయని మా స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ మాస్టారు గట్టిగా వాదిస్తారు. 2023 మార్చిలో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నిక ఆయన ఉదాహరణ. విజయవాడ మాజీ మేయర్ పంచుమర్తి అనురాధకు 23 ఓట్లు వచ్చి గెలిచారు. టీడీపీ వైపు గట్టిగా నిలబడి ఉన్నది 19 మందే. మరునాడే వైసీపీ నలుగురిని సస్పెండ్ చేసింది. వాళ్లలో మా పక్కనున్న తాడికొండ ఎమ్మెల్యే కూడా ఉన్నారు. “చూశావా, రహస్యం అంటే ఇదీ” అంటారు మాస్టారు. ఆయన భయాన్ని నేను కొట్టిపారెయ్యను. అయితే నాకు అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. పార్టీ చూడలేని చోట మనసులో మాట బయటికొచ్చింది. పైగా స్పీకర్ ఎన్నికలో ప్రభుత్వం పడిపోదు, మంత్రి పదవి రాదు. కొనేవాడికి లాభం తక్కువ. స్పీకర్ చేతి నుంచి ఫిరాయింపుల తీర్పు తీసేస్తే ఆ లాభం ఇంకా తగ్గుతుంది. ఈ రెండూ కలిసి జరగాలన్నది అందుకే. ఒక్కటే చేస్తే మాస్టారి భయమే నిజం కావచ్చు.

డిప్యూటీ స్పీకర్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో వాదించడానికి ఏమీ లేదు. వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని రాజ్యాంగం 93వ అధికరణం చెబుతోంది. 17వ లోక్‌సభ ఐదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండా గడిచిపోయింది. 18వ లోక్‌సభ మొదలై ఏడాది దాటినా ఎన్నుకోలేదు. ఆ పదవి తమకిస్తే స్పీకర్ పదవికి పోటీ పెట్టబోమని 2024లో ప్రతిపక్షం అంది. ఇవ్వలేదు, పోటీ వచ్చింది. తేదీ లేని బాధ్యతను ఎవరైనా వాయిదా వేస్తారు. తేదీ పెట్టాలి.

ఇంత చెప్పి ఆశ ఉందా అంటే, ఉంది. దానికి కారణాలు రాజ్యాంగంలోనే ఉన్నాయి. స్పీకర్‌గా ఎన్నికైన మనిషి పార్టీని వదిలేస్తే అనర్హత వర్తించదని పదో షెడ్యూలు 5వ పేరాలో స్పష్టంగా ఉంది. పదవి దిగాక తిరిగి అదే పార్టీలో చేరవచ్చు కూడా. సంజీవరెడ్డి 1967లో తనకు తానుగా చేసిన పనికి 1985లో చట్టమే దారి తెరిచి ఉంచింది. నలభై ఏళ్లుగా ఆ తలుపు తెరిచే ఉంది. నష్టం లేదని చట్టం హామీ ఇచ్చినా అడుగు వెయ్యరు.

రెండోది, శాసనసభ తన నిబంధనలు తానే రాసుకోవచ్చని 208వ అధికరణం చెబుతోంది. స్పీకర్ ఎన్నిక పద్ధతి మార్చుకోవడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ట్రిబ్యునల్‌కు పార్లమెంటు కావాలి, నిజమే. కానీ పోటీ ఉంటే బ్యాలెట్ పెట్టి లెక్కపెట్టడం, డిప్యూటీ స్పీకర్‌కు గడువు పెట్టడం వెలగపూడిలోనే కుదురుతుంది. ఈ ప్రభుత్వానికి 164 మంది బలం ఉంది. ఓడిపోతామన్న టెన్షన్ లేదు. బలం ఉన్నవాడు చేస్తేనే ఇలాంటి మార్పు జరుగుతుంది. ఆ బలం లేనప్పుడు అందరూ అడుగుతారు, ఎవరూ వినరు.

కిందటి నెల మా ఎమ్మెల్యే గారికి, శాసనసభ కార్యదర్శికి ఉత్తరం రాశాను. రెండు పేజీలు. స్పీకర్ ఎన్నికలో రహస్య బ్యాలెట్, వచ్చిన ఓట్ల అంకెలు కార్యక్రమాల రికార్డులో ఎక్కించడం, డిప్యూటీ స్పీకర్‌కు 30 రోజుల గడువు, ఇవే అడిగాను. నాన్నకు చదివి వినిపించాను. గట్టిగా, రెండుసార్లు. విని, కళ్లద్దాలు పెట్టుకుని కాగితం తీసుకున్నారు.

“ఎంతమంది సంతకాలు పెట్టారు?” అన్నారు.

నేనొక్కదాన్నే అన్నాను. పెన్ను అడిగి, నా పేరు కింద తన పేరు రాశారు. వణుకుతున్న చేత్తోనే పక్కన 2 అని అంకె వేశారు. ఆదివారం మా లైనులో ఇంటింటికీ తిరిగాను. 19 అయ్యాయి. వద్దన్నవాళ్లు ఎనిమిది మంది. ఆ అంకె కూడా ఉత్తరంలో చేర్చి సోమవారం స్పీడ్ పోస్టులో వేశాను.